పెంచుకున్న ప్రాణం పోతే ఎక్కడ పాతిపెట్టాలి..? ఉద్దానం ఇసుక నేలలో తెలుసుకోవాల్సిన విషయాలు ఇవే..

పన్నెండేళ్లు గుమ్మం ముందు కాపలా కాసిన కుక్క ఒక రోజు పొద్దున లేవదు. పిల్లలు ఏడుస్తుంటారు. పెద్దవాళ్లకూ గొంతు పూడుకుపోతుంది. ఆ వెంటనే ఎదురయ్యే ప్రశ్న.. దీన్ని ఎక్కడ పెట్టాలి? కవిటిలో కొబ్బరితోట ఉన్న రైతుకు, పలాసలో అద్దె ఇంటి మూడో అంతస్తులో ఉంటున్న ఉద్యోగికి, నువ్వలరేవు మత్స్యకారుడికి దీనికి దొరికే సమాధానం ఒకటి కాదు. ఎవరి చేతిలో ఎంత నేల ఉందో, ఆ నేల కింద నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో అన్నదాన్ని బట్టే అంతా నడుస్తుంది. పలాస, టెక్కలి, ఉద్దానం తీరంలో పెంపుడు జీవాలకు వీడ్కోలు చెప్పే దారులేంటి? ఎక్కడ జాగ్రత్త పడాలి? చూద్దాం.

తోట ఉంటే తోటలోనే..

ఉద్దానం అంటే ఉద్యానవనమే. ఇచ్ఛాపురం నుంచి కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వరకు కొబ్బరి, జీడి, పనస తోటలే కనిపిస్తాయి. తోట ఉన్నవాళ్లు పెంపుడు కుక్కనైనా, పిల్లినైనా అక్కడే పాతిపెట్టుకుంటారు. ఒంటికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొత్తగుడ్డ చుట్టి, పూలు చల్లి, కొబ్బరికాయ కొట్టి మట్టి వేస్తారు. కొందరు మూడో రోజున దానికి ఇష్టమైన తిండి పెట్టి వస్తారు. ఈమధ్య ఫొటోతో శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు కట్టేవాళ్లూ ఉన్నారు. పెంపుడు జంతువుకు ఫలానా కర్మ చేయాలని కచ్చితమైన పద్ధతేమీ లేదు. మనుషులకు చేసేదాంట్లోంచి మనసుకు తోచింది చేస్తారు, అంతే. ముస్లిం కుటుంబాలు సాదాగా పాతిపెడతాయి. క్రైస్తవ ఇళ్లలో చిన్న ప్రార్థన చేసుకుంటారు.

చాలామంది ఆ చోట కొబ్బరి మొక్క నాటాలనుకుంటారు. మంచి ఆలోచనే. కానీ ఒక లెక్క గుర్తుంచుకోవాలి. కొబ్బరి మొక్కకు తవ్వే గొయ్యి సాధారణంగా పొడవు, వెడల్పు, లోతు మూడూ ఒక్కో మీటరు, అంటే 3 అడుగుల పైచిలుకు. కుక్కను పాతిపెట్టడానికి అది చాలదు. శరీరం మీద కనీసం 3 అడుగుల మట్టి ఉండాలి కాబట్టి, మధ్యరకం కుక్కకైనా నాలుగున్నర అడుగుల గొయ్యి కావాలి. మొక్కను సరిగ్గా దాని మీద కాకుండా కొంచెం పక్కన నాటితే వేరుకు ఇబ్బంది ఉండదు. దేశవాళీ పొడుగు రకమైతే ఐదు నుంచి ఏడేళ్లలో కాపుకొస్తుంది.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఈ తోటల్లో లక్షల చెట్లు నేలకూలాయి. అందుకే గుర్తుగా మొక్క ఒక్కటే కాదు, పక్కన ఒక రాయి కూడా పాతుకోవడం మంచిది. చెట్టు పడిపోయినా చోటు తెలుస్తుంది.

అసలు సమస్య నీళ్లతోనే..

తీరం వెంబడి ఉన్నది ఇసుక నేల. తవ్వడం తేలిక, కానీ అంచులు కూలిపోతుంటాయి. పైగా వాన నీరు ఇసుకలోంచి జల్లెడలో పోసినట్టు కిందికి దిగిపోతుంది. కుళ్లిన శరీరంలోంచి వచ్చే ద్రవం కూడా అంతే. మట్టి వడకట్టే లోపే భూగర్భ జలాన్ని చేరే ప్రమాదం ఉంది.

కిడ్నీ వ్యాధితో ఏళ్లుగా నలిగిపోతున్న ప్రాంతం ఇది. తాగే నీటి గురించి ఇక్కడి ఇళ్లలో ఉన్నంత భయం మరోచోట కనిపించదు. హిరమండలం రిజర్వాయర్ నుంచి నీళ్లు తెచ్చే మంచినీటి పథకం 2023 డిసెంబర్‌లో ప్రారంభమైంది. అయినా పెరటి బావులు, బోర్ల వాడకం ఉంది. పెంపుడు జంతువుల సమాధులకు, కిడ్నీ వ్యాధికి సంబంధం ఉందని ఎవరూ చెప్పలేదు. ఆ భయం అక్కర్లేదు. కానీ బావిలోకి క్రిములు చేరితే విరేచనాలు, జ్వరాలు రావడానికి వేరే కారణం అక్కర్లేదు కదా!

అందుకే ఈ మూడూ చూసుకోవాలి.

ఒకటి, బావికి, బోరుకు, చెరువుకు కనీసం 100 అడుగుల దూరం. ఎంత ఎక్కువుంటే అంత మేలు.

రెండు, తోటలో ఎత్తైన చోటు. సోంపేట వైపు బీల లాంటి పల్లపు నేలల్లో కొద్దిగా తవ్వగానే నీరు ఊరుతుంది. గొయ్యిలో నీరు కనిపిస్తే అక్కడ ఆపేసి చోటు మార్చాలి. ఇంకా లోతుకు తవ్వడం పరిష్కారం కాదు.

మూడు, కాలం. అక్టోబర్, నవంబర్ తుపానుల రోజుల్లో భూగర్భ జలం పైకి వస్తుంది. వేసవిలో పొడిగా ఉన్న చోటే అప్పుడు చెమ్మగా ఉండొచ్చు.

పలాస, టెక్కలి మెట్ట నేలల్లో సమస్య వేరు. టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలు ఉన్నాయంటేనే అర్థం చేసుకోవచ్చు. కొన్నిచోట్ల రెండడుగులు తవ్వగానే రాయి తగులుతుంది. అక్కడే సరిపెట్టుకుంటే వాసనకు వీధి కుక్కలు, నక్కలు తవ్వేస్తాయి. ఉద్దానం తోటల్లో ఎలుగుబంట్లూ తిరుగుతాయి. లోతు దొరకని చోట మరో చోటు వెతుక్కోవాలి. దొరికాక కూడా పైన పెద్ద రాళ్లో, కొబ్బరి మొద్దులో, ముళ్లకంపో పెట్టాలి.

ఉప్పు వేస్తే త్వరగా కరుగుతుందా?

నౌపడ ఉప్పు దగ్గరే దొరుకుతుంది కాబట్టి గొయ్యిలో బస్తా ఉప్పు పోసే అలవాటు చాలామందికి ఉంది. శరీరం త్వరగా మట్టిలో కలుస్తుందన్నది నమ్మకం. నిజానికి జరిగేది రివర్స్! ఇదే తీరంలో చేపలు ఎండబెట్టేటప్పుడు ఉప్పు ఎందుకు రాస్తారు? పాడవకుండా ఉండటానికే కదా. ఉప్పు కుళ్లబెట్టే క్రిములను ఆపుతుంది. సున్నం కూడా కుళ్లడాన్ని ఆలస్యమే చేస్తుంది. క్రిములు వ్యాపించకుండా సున్నం చల్లమని జబ్బుతో చనిపోయిన జంతువుల విషయంలో చెబుతారు. అది వేరే అవసరం. మామూలుగా చనిపోయిన జీవానికి మట్టి ఒక్కటే చాలు. నూలు గుడ్డ చుట్టండి. పాలిథిన్ సంచి, నైలాన్ బెల్టు, ప్లాస్టిక్ గిన్నె గొయ్యిలో వేయొద్దు. అవి ఏళ్లు గడిచినా అలాగే ఉంటాయి.

సముద్రంలో వదిలితే..?

తీర గ్రామాల్లో సొంత తోట లేని ఇళ్లే ఎక్కువ. కెరటాలకు అప్పగిస్తే సరిపోతుందనుకుంటారు. కానీ సముద్రం తీసుకున్నదాన్ని తిరిగి ఒడ్డుకు చేరుస్తుంది. ఏటా జనవరి నుంచి చనిపోయిన ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరానికి కొట్టుకొస్తుండటం అందరూ చూస్తున్నదే. ఒడ్డు ఇసుకలో పాతిపెట్టినా కెరటం తవ్వేస్తుంది. అలలు చేరే గీతకు బాగా పైన, సరుగుడు తోటల వెనుక గట్టి నేల చూసుకోవాలి. అది ఎవరి భూమో కనుక్కుని, పంచాయతీకి ఒక మాట చెప్పి చేసుకోవడం మేలు.

చెరువులో, గెడ్డలో, కాలువలో పడేస్తే చట్టప్రకారం నేరం. జనం వాడే నీటిని పాడుచేయడం భారతీయ న్యాయ సంహిత 279వ సెక్షన్ కిందికి వస్తుంది. అంటువ్యాధితో చనిపోయిన జంతువును నీటిలో వేయకూడదని 2009లో వచ్చిన పశువుల అంటువ్యాధుల నివారణ చట్టం ప్రత్యేకంగా చెబుతోంది.

పట్టణంలో అద్దెకుంటే..

కష్టమంతా ఇక్కడే. పలాస-కాశీబుగ్గలో, టెక్కలిలో సొంత జాగా లేనివాళ్లకు మిగిలేవి రెండే దారులు. ఊళ్లో ఉన్న బంధువుల పొలం, లేదంటే పారిశుద్ధ్య సిబ్బంది. రాత్రిపూట జాతీయ రహదారి పక్కన గోనెసంచిలో వదిలేసి వచ్చేవాళ్లు మనసు లేక అలా చేయరు. చోటు లేక చేస్తారు. అలా వదిలేస్తే దాన్ని తినడానికి వచ్చిన మరో నాలుగు కుక్కలు లారీల కింద పడతాయి.

పారిశుద్ధ్య సిబ్బందికి అప్పగిస్తే తీసుకెళ్తారు. అయితే ఎక్కడికి తీసుకెళ్తున్నారు, పాతిపెడతారా, చెత్త యార్డులో వేస్తారా అన్నది ముందే అడగాలి. పాతిపెట్టే చోటు ఉంటే మనమూ వెంట వెళ్లొచ్చు. గొయ్యి తవ్వే మనిషికి కూలి, చేతి తొడుగులు ఇవ్వడం మరిచిపోవద్దు.

ఆవులు, ఎద్దులు చనిపోతే..

పదేళ్లు నాగలి లాగిన ఎద్దు కూడా ఇంటి మనిషే. ఒకప్పుడు చనిపోయిన పశువును ఊరి చివర తోలుపని చేసే కులాలవారికి అప్పగించేవారు. ఆ పని వాళ్ల నెత్తిన వేసి ఊరు చేతులు కడుక్కునేది. ఇప్పుడు ఆ పద్ధతి తగ్గిపోయింది. చాలాచోట్ల జేసీబీతో గొయ్యి తీసి, పసుపు కుంకుమలతో రైతే సాగనంపుతున్నాడు. పెద్ద పశువుకు కనీసం 6 నుంచి 8 అడుగుల లోతు కావాలి. నీరు పైనే ఉండే తీరం పక్క గ్రామాల్లో అంత లోతు దొరకదు. మెట్ట భూమికి తరలించక తప్పదు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పశువుకు బీమా ఉంటే పశువైద్యుడు చూడకుండా పాతిపెట్టొద్దు! పోస్టుమార్టం నివేదిక, చెవి పోగు, ఫొటోలు లేకపోతే పరిహారం రావడం కష్టం.

ఇలాంటప్పుడు అస్సలు ముట్టుకోవద్దు..

చనిపోయే ముందు కుక్క నోట్లోంచి చొంగ కార్చిందా? కారణం లేకుండా కరవబోయిందా? నీళ్లు మింగలేకపోయిందా? రేబిస్ అనుమానించాల్సిందే. ఒట్టి చేతులతో తాకకూడదు. పిల్లల్ని చివరి ముద్దు పెట్టనివ్వకూడదు. అది కరిచినా, చొంగ గాయానికి తగిలినా సబ్బు, నీళ్లతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. కుక్క చనిపోయింది కదా, ఇంకేం కాదు అనుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

పశువు హఠాత్తుగా పడిపోయి ముక్కు, నోరు, మలద్వారం నుంచి నల్లటి గడ్డకట్టని రక్తం వస్తే ఆంత్రాక్స్ కావచ్చు. కోయడం, తోలు తీయడం, మాంసం పంచడం చేయొద్దు. పశువైద్యుడికి కబురు పెట్టాలి.

పార్వో జబ్బుతో కుక్కపిల్ల చనిపోతే ఆ వైరస్ ఇంటి ఆవరణలో నెలల తరబడి బతికే ఉంటుంది. టీకాలు పూర్తికాని కొత్త పిల్లను వెంటనే తేవొద్దు.

బాధ చూడలేక పశువైద్యుడితో ఇంజెక్షన్ ఇప్పించి సాగనంపిన జంతువైతే గొయ్యి మరింత లోతుగా ఉండాలి. దానికి వాడే మత్తు మందు శరీరంలో మిగిలిపోతుంది. దాన్ని తిన్న పక్షులు, కుక్కలు కూడా చనిపోతాయి.

కాల్చడం కుదురుతుందా?

హైదరాబాద్ ఫతుల్లాగూడలో పెంపుడు జంతువుల దహనవాటిక ఉంది. ముంబై మలాడ్‌లో 2023లో గ్యాస్‌తో నడిచే జంతు దహనవాటిక మొదలైంది. బెంగళూరు కెంగేరిలో ఒక జంతు సంక్షేమ సంస్థ ఇలాంటి ఏర్పాటు చేసింది. పలాస నుంచి అక్కడిదాకా తీసుకెళ్లడం అయ్యే పని కాదు. ఇంటి దగ్గర కట్టెలతో కాల్చాలంటే అనుకున్నదానికంటే చాలా ఎక్కువ కలప కావాలి. సగం కాలి ఆగిపోతే అంతకంటే బాధ ఉండదు. జీడి పిక్కల పెంకు చవగ్గా దొరుకుతుందని వాడితే మరీ ప్రమాదం. అందులోని నూనె పొగ కళ్లను, చర్మాన్ని మండిస్తుంది. నగరంలో ఉంటున్న పిల్లలు అక్కడే దహనం చేయించి బూడిద పంపితే, మహేంద్రతనయ సముద్రంలో కలిసే బారువ లాంటి చోట కలపొచ్చు.

ఇది ఈనాటి మోజు కాదు!

కుక్కకు అంత్యక్రియలేంటని నవ్వేవాళ్లుంటారు. జర్మనీలోని ఒబర్‌కాసెల్‌లో సుమారు 14 వేల ఏళ్ల కిందటే మనుషుల పక్కన కుక్కను పాతిపెట్టిన సమాధి బయటపడింది. కశ్మీర్‌లోని బుర్జహోమ్‌లో కొత్తరాతియుగం మనుషుల సమాధుల్లో కుక్కల ఎముకలు దొరికాయి. కర్ణాటకలోని ఆతకూరులో పదో శతాబ్దపు వీరశిల అడవిపందితో పోరాడి చనిపోయిన కాళి అనే వేటకుక్క కథ చెబుతుంది. భారతంలో ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానన్నాడని మనకు తెలిసిందే.

మొదటి కొన్ని గంటల్లో చేయాల్సినవి..

ముందుగా ప్రాణం పోయిందో లేదో పశువైద్యుడితో నిర్ధారించుకోవాలి. ఇంకా కొన ఊపిరి ఉంటే పశువుల అంబులెన్స్ కోసం 1962కు ఫోన్ చేయాలి. మూడు, నాలుగు గంటల్లో శరీరం బిగుసుకుపోతుంది. కాబట్టి ముందే కాళ్లు మడిచి, పడుకున్నట్టు సర్దాలి. అప్పుడు చిన్న గొయ్యి సరిపోతుంది. నీడలో ఉంచి గుడ్డ కప్పాలి. తీరంలో ఉక్కపోత ఎక్కువ కాబట్టి అదే రోజు పాతిపెట్టేయాలి. పిల్లలకు 'ఎక్కడికో వెళ్లింది, వస్తుంది' అని చెప్పొద్దు. చనిపోయిందని చెప్పి, కావాలంటే గుప్పెడు మట్టి వేయనివ్వండి. లేకపోతే రోజూ గేటు దగ్గర ఎదురుచూస్తూ కూర్చుంటారు.

తోట ఉన్నవాడికి ఈ దుఃఖంలో కనీసం చోటు వెతుక్కునే పని ఉండదు. లేనివాడి కోసం పట్టణాలకు, తీర పంచాయతీలకు అవసరమైంది పెద్ద కట్టడం కాదు. బావులకు దూరంగా, ఎత్తైన చోట, కంచె వేసిన పాతిక సెంట్ల జాగా, ఫోన్ చేస్తే వచ్చి గొయ్యి తీసే ఒక మనిషి. ఆ రెండూ ఉంటే రాత్రిపూట గోనెసంచి మోసుకుని రోడ్డు పక్కకు వెళ్లే అవసరం ఎవరికీ రాదు.