లైటు వెలిగింది, బాణం కదల్లేదు

ఎర్రగుంట్ల. మే నెల, మధ్యాహ్నం రెండు దాటింది. కిటికీ తలుపులు దగ్గరికేసినా వడగాలితో పాటు సన్నటి తెల్ల దుమ్ము వస్తూనే ఉంది. చుట్టూ నాపరాళ్ల పాలిష్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు. ఇక్కడ బల్ల తుడిచిన కాసేపటికే దాని మీద వేలితో పేరు రాయొచ్చు. ఇడుపులపాయ ట్రిపుల్‌ఐటీ నుంచి సెలవులకు వచ్చిన మేనల్లుడు ఉబుంటు వేసిన డెస్క్‌టాప్ ముందున్నాడు. మీరూ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కొత్త గేమింగ్ మౌస్ రంగులు మారుస్తోంది. తెర మీద బాణం మాత్రం ఉన్నచోటే ఉంది.

"లైటు వెలుగుతాంది గదా మామా! లైనక్స్‌లో దీనికి డ్రైవర్ లేదేమో."

ఈ మాట అందరి నోటా సులువుగా వస్తుంది. మామూలు కదలికకు, క్లిక్కులకు యూఎస్‌బీ మౌస్‌లకు దాదాపుగా వేరే డ్రైవర్ అక్కర్లేదు; కెర్నెల్‌లోని యూఎస్‌బీ‌హెచ్‌ఐడీ చాలు. ఇక లైటు సంగతి. యూఎస్‌బీ 2.0 కేబుల్లో నాలుగు తీగలుంటాయి. ఎరుపు, నలుపు కరెంటుకి. ఆకుపచ్చ, తెలుపు సమాచారానికి. వెలగడానికి మొదటి రెండు చాలు.

మౌస్ లేదు కాబట్టి కీబోర్డే గతి. కంట్రోల్, ఆల్ట్, టి నొక్కితే టెర్మినల్ తెరుచుకుంది. ఎల్‌ఎస్‌యూఎస్‌బీ అని కొట్టించారు. కీబోర్డు ఉంది, వెబ్‌క్యామ్ ఉంది. మౌస్ లేదు.

"ఫ్రెండు ల్యాప్‌టాప్‌లో పనిచేసింది మామా, విండోస్‌లో."

"అట్లయితే మౌసును తిట్టొద్దు. సుడో డీమెసేజ్, పక్కన హైఫన్ డబ్ల్యూ కొట్టి, పీకి మళ్లీ పెట్టు."

పెట్టాడు. తెర మీద వరసలు దిగాయి: డివైస్ డిస్క్రిప్టర్ రీడ్, ఎర్రర్ మైనస్ 71. మళ్లీ అదే. మైనస్ 71 అంటే ప్రోటోకాల్ లోపం. కెర్నెల్ పేరడిగింది, మౌస్ నోట్లో తమలపాకు పెట్టుకుని చెప్పినట్టు జవాబు ముద్దగా వచ్చింది. ఇలాంటప్పుడు ముందు అనుమానించాల్సింది కేబుల్‌ని, హబ్‌ని, పోర్టుని. మౌస్ పెట్టింది క్యాబినెట్ ముందు పోర్టులో. సెల్‌ఫోన్ టార్చి వేసి చూస్తే లోపల గట్టిపడిన రాతిపొడి.

వంటింట్లోంచి జేజి కేక: "మజ్జిగ తాగి కూచోండి నాయినా!"

మౌస్‌ని వెనక పోర్టుకు మార్చారు. న్యూ ఫుల్‌స్పీడ్ యూఎస్‌బీ డివైస్ అన్న వరస పడింది, బాణం తెర ఈ కొస నుంచి ఆ కొసకు ఉరికింది. ముందు పోర్టును తర్వాత సిస్టమ్ ఆపి, ఎండు బ్రష్‌తో శుభ్రం చేసుకోవచ్చు.

పిల్లోడికి అది చాలలేదు. డీపీఐ మార్చాలి, లైట్లు ఆపాలి, పక్క బటన్లు పనిచేస్తున్నాయో లేదో చూడాలి. పక్క బటన్ల సంగతి లిబ్‌ఇన్‌పుట్ డీబగ్ ఈవెంట్స్ అనే కమాండు తేల్చింది: నొక్కిన ప్రతిసారీ వరస పడుతోంది, అంటే బటన్లు బాగానే ఉన్నాయి. మిగతావాటికి కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ విండోస్‌కే. లైనక్స్‌లో ఆ పని చేసేది పైపర్. దాని వెనక పనిచేసేది లిబ్‌రాట్‌బ్యాగ్. ఇన్‌స్టాల్ చేసి తెరిస్తే పైపర్‌కు మౌస్ కనపడలేదు. దానికి తెలిసిన మోడళ్లలో ఇది లేదు, అంతే. అదృష్టం, ఈ మౌస్ సెట్టింగులు తన సొంత మెమరీలోనే దాచుకునే రకం. ఫ్రెండు ల్యాప్‌టాప్‌లో ఒకసారి డీపీఐ పెట్టి, లైట్లు ఆపి, సేవ్ చేసి తెచ్చుకుంటే ఉబుంటులోనూ అలాగే ఉంటాయి.

లైనక్స్ వాడేవాళ్లు గేమింగ్ మౌస్ కొనేముందు లిబ్‌రాట్‌బ్యాగ్ జాబితాలో ఆ మోడల్ పేరు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే, సొంత మెమరీ ఉన్నదైనా తీసుకోండి.