శ్వాససంఖ్య – శ్వాసపరిమాణం

జీవుడు ఒక అహోరాత్రంలో 21,600 పర్యాయాలు శ్వాసిస్తాడని యోగచూడామణ్యుపనిషత్తు చెబుతున్నది. హకారంతో వెలుపలికి, సకారంతో లోపలికి సాగే ఈ గమనమే హంసమంత్రం, అజపాగాయత్రి. లెక్కించి చూస్తే నిమిషానికి పదిహేను శ్వాసలు. విశ్రాంతిలో ఉన్న మనిషి విషయంలో నేటి వైద్యులు చెప్పే సంఖ్యకు ఇది భిన్నం కాదు.

అయితే ఒక్కొక్క శ్వాసలో ఎంత వాయువు చలిస్తుందన్న ప్రశ్న ఋషులది కాదు. దానికి సమాధానం పాశ్చాత్య దేశాలలో క్రమంగా లభించింది. 1800 ప్రాంతంలో హంఫ్రీ డేవీ ఉదజని వాయువును తానే పీల్చి, ఎంత బలంగా రేచించినా ఊపిరితిత్తులలో మిగిలిపోయే వాయువును అంచనా వేశాడు. 1846లో జాన్ హచిన్సన్ అనే ఆంగ్ల వైద్యుడు నీటిలో బోర్లించిన గంటవంటి పాత్రతో స్పైరోమీటరును నిర్మించి, రెండువేలమందికి పైగా మనుష్యులను పరీక్షించాడు. పూర్తిగా పూరించి పూర్తిగా రేచించగల వాయుపరిమాణం ఎత్తుతోపాటు పెరుగుతుందనీ, వార్ధక్యంలో తగ్గుతుందనీ నిరూపించాడు. ఆ పరిమాణానికి ఆయన పెట్టిన పేరు వైటల్ కెపాసిటీ, అనగా ప్రాణసామర్థ్యం. అది ఆయుర్దాయాన్ని సూచిస్తుందని, జీవితబీమా సంస్థలకు ఉపకరిస్తుందని ఆయన విశ్వాసం. ఆ మహాశయుడే 1861లో, యాభయ్యేండ్ల ప్రాయంలో, ఫిజీ ద్వీపాలలో దేహం చాలించాడు.

నేటి గణన ప్రకారం సాధారణ శ్వాస సుమారు అర లీటరు. పూర్ణరేచకం తరువాతా లీటరుకు పైగా వాయువు లోపలే నిలుస్తుంది. వయోజన పురుషుని ఊపిరితిత్తుల మొత్తం సామర్థ్యం దాదాపు ఆరు లీటర్లు. శాస్త్రోక్త సంఖ్యను అర లీటరుతో గుణిస్తే దినానికి 10,800 లీటర్లు. ఈ గుణకారం మనది, ఉపనిషత్తుది కాదు. శాస్త్రంలో లేనిదానిని శాస్త్రానికి ఆపాదించడం భక్తి అనిపించుకోదు.

హచిన్సన్ పరిమాణానికి ప్రాణమని పేరు పెట్టినట్లే, మనమూ ఆమ్లజనిని ప్రాణవాయువు అంటున్నాము. ఆ నామసామ్యం వలన, ఎక్కువ గాలి పీల్చడమే ప్రాణాయామమనే భ్రాంతి ప్రబలింది. 1924లో లోనావ్లాలో కైవల్యధామాన్ని స్థాపించి, యోగక్రియలను ప్రయోగశాలలో పరీక్షించిన స్వామి కువలయానంద ఈ భ్రాంతికి లోనుకాలేదు. ప్రాణాయామ ఫలాన్ని కేవలం అధిక ఆమ్లజని గ్రహణంగా భావించడాన్ని ఆయన అంగీకరించలేదు.

రోగనిర్ణయానికి స్పైరోమీటరు అత్యంత ఉపయుక్తం. శ్వాసరోగమున్న సాధకుడు దానిని ఉపేక్షించరాదు. కాని ఆ యంత్రం కొలిచేది వాయువును మాత్రమే. ఊపిరితిత్తుల విశాలత దేహప్రమాణాన్ని అనుసరించి లభించినది. అందులో ఒకరికి ఆధిక్యమూ లేదు, మరొకరికి న్యూనతా లేదు. పొట్టివానికీ పొడవువానికీ, యువకునికీ వృద్ధునికీ హంసమంత్రం ఒక్కటే. దానిని ఎరుకతో గమనించడమే సాధన.