కంకికి కావలి

గవర్నర్‌పేటలో నేనుండు వీధిని పొలము లేదు, మంచె లేదు. అయినను సాయంకాలమున చిలుకలగుంపు మేడలమీదుగా కూయుచు పోవునప్పుడెల్ల నాకు వడిసెల చప్పుడే జ్ఞప్తికి వచ్చును.

పంటను పక్షులనుండి కాచుట మిక్కిలి ప్రాచీనమైన పని. రఘువంశము చతుర్థసర్గమున చెఱకునీడను కూర్చుండి వరిచేలు కాయు స్త్రీలు రఘుమహారాజు యశమును పాడుదురు. బాల్యమున గురువుగారు నాచేత ఆ శ్లోకమునకు ప్రతిపదార్థము చెప్పించిరి గాని, ఆ కావలి కష్టమెట్టిదో నేనడుగలేదు, వారును చెప్పలేదు.

కృష్ణకు బెజవాడయొద్ద 1852లో ఆరంభమైన ఆనకట్ట 1855లో ముగిసెను. అంతకు ముందు వానను నమ్ముకొనిన యీ సీమలో జొన్న మొదలగు మెట్టపైర్లు మెండు. జొన్నకంకికి కప్పులేదు, గింజ బయటనే యుండును. చిలుక తినునంతతో తృప్తిపడక కొఱికి నేల రాల్చును. కాలువలు వచ్చి వరి వ్యాపించిన పిదప జీనువాయిలు, పిచ్చుకలు పాలుపట్టిన గింజను నొక్కి పాలు పీల్చుకొనజొచ్చెను. కంకి నిలిచియే యుండును; లోపల తాలు! మంచెలు మాత్రము జొన్నలు వేయు లంకలలో మిగిలెను.

1980 దశకమున నేనొక లంకగ్రామపు బడిలో ఉపాధ్యాయుడను. పిట్టలు ప్రొద్దుటను సాయంకాలమునను హెచ్చుగా మేయును. బడిగంటయు ప్రొద్దుటనే గదా! జొన్న పాలుపట్టినది మొదలు కోతవఱకు ఒక వరుస పిల్లలు మంచెలమీదనే యుండెడివారు. నేను గైరుహాజరు వేసి, వచ్చిననాడు మందలించెడివాడను. ఒకనాడొక బాలుని తల్లి వచ్చి, “అయ్యవారూ, వాడు బడికొస్తే చేను పిట్టల పాలు. చేను పోతే వాడి పుస్తకాలకు డబ్బులెక్కడివండీ?” అనెను. నాకు మాట తోచలేదు. ఆ యేటితో బాలుడు చదువు మానెను.

పిట్టలనే చంపరాదా యని కొందఱందురు. చీనాదేశమున 1958లో పిచ్చుకలను ఊచకోత కోసిరి. పిచ్చుక తన పిల్లలకు పురుగులను మేపునని మఱచిరి. పురుగు పెచ్చుపెరుగగా 1960లో ఆ పని మానిరి. మన రైతు చేనిలో పిట్టను తోలును. ఇంటికి వచ్చి దానికొఱకే వరికంకుల కుచ్చును చూరునకు వ్రేలగట్టును.

నేడు చేనికి అడ్డముగా తళతళలాడు రిబ్బనులు కట్టుచున్నారు. గాలికది మెఱసి, రొద చేయును. పిట్టలు మరగినచో భయపడవు గనుక గింజ పాలుపట్టునప్పుడే కట్టవలెను. ఇరుగుపొరుగువారు ఒకేమాఱు విత్తినచో నష్టము పలువురకు పంచబడును. ముందుగా పండిన ఒంటిచేనిపైననే గుంపెల్ల వ్రాలును.

అట్టి రిబ్బనుచుట్ట యొకటి నాడా తల్లికి దొరకియుండినచో, నా తరగతిలో ఒక పలక మిగిలియుండెడిదేమో.