క్లోమం మార్పిడి: ఐస్ బాక్సులో ఎన్ని గంటలు నిలుస్తుంది?

నకరికల్లు అడ్డరోడ్డు చుట్టుపక్కల యాక్సిడెంట్‌లో తలకు గట్టి దెబ్బ తగిలితే, నరసరావుపేట మీదుగా గుంటూరు తీసుకెళ్లడమే మామూలు. పెద్దాసుపత్రిలో బ్రెయిన్ డెడ్ అని తేలి, ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే జీవన్‌దాన్ ద్వారా గుండె, కాలేయం, కిడ్నీలు వేరేవాళ్లకి వెళ్తాయి. క్లోమం, అంటే ప్యాంక్రియాస్ పేరు మాత్రం అరుదుగా వినపడుతుంది. ఎందుకు?

ఇన్సులిన్ తయారయ్యేది ఇందులోనే. టైప్-1 షుగర్‌తో కిడ్నీలు కూడా పాడైనవాళ్లకి రెండూ కలిపి అమరుస్తారు. 1966 డిసెంబర్‌లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో విలియం కెల్లీ, రిచర్డ్ లిల్లీహై మొదటిసారి ఈ ఆపరేషన్ చేశారు.

చిక్కంతా నిల్వ దగ్గరే. క్లోమంలో అన్నం అరిగించే ఎంజైమ్‌లు ఉంటాయి. రక్తం ఆగి, కణాలు దెబ్బతింటే ఆ ఎంజైమ్‌లే క్లోమాన్ని తినేయడం మొదలుపెడతాయి. పైగా దీనికి వచ్చే రక్తప్రవాహం తక్కువ. అందుకే వాపు వస్తుంది, అమర్చాక రక్తనాళాల్లో గడ్డలు కట్టే ముప్పూ ఎక్కువ.

పరిస్థితి మార్చింది విస్కాన్సిన్ యూనివర్సిటీలో ఫోల్కర్ట్ బెల్జర్, జేమ్స్ సౌతార్డ్ తయారుచేసిన ద్రావణం. డాక్టర్లు దీన్ని 'యూడబ్ల్యూ' అంటారు. చల్లదనంలో కణాలు నీళ్లు పీల్చుకుని ఉబ్బిపోకుండా లాక్టోబయోనేట్, రాఫినోస్ లాంటి పదార్థాలు ఆపుతాయి. 1987లో కుక్క క్లోమాన్ని ఈ ద్రావణంలో 72 గంటలు నిలబెట్టి చూపించారు. మనుషుల్లో అంత సాహసం చెయ్యరు. 12 గంటల్లోపు అమర్చడమే మేలని సర్జన్లు చూస్తారు. గుండెకైతే దాదాపు 4 గంటలే! 2025 జనవరిలో హైదరాబాద్ మెట్రోలో ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్‌కి ఒక గుండెని 13 నిమిషాల్లో చేర్చింది అందుకే.

నిల్వ అంటే మంచుముక్కల్లో పడేయడం కాదు. ద్రావణంతో రక్తనాళాలు కడిగి, అవయవాన్ని అదే ద్రావణంలో ముంచి, స్టెరైల్ కవర్లలో పొరలు పొరలుగా కట్టి, 4 డిగ్రీల దగ్గర ఉంచుతారు. మంచు నేరుగా తగిలితే కణాలు గడ్డకడతాయి.

ఇప్పుడు కిడ్నీ, కాలేయాలకు మెషీన్‌తో ద్రావణాన్ని ఆగకుండా పంప్ చేసే పద్ధతి వాడకంలోకి వచ్చింది. క్లోమానికి ఇది ఇంకా పరిశోధన దశే. ప్రెజర్ కొంచెం పెరిగినా ఉబ్బిపోతుంది కాబట్టి, తక్కువ ప్రెజర్‌తో ఆక్సిజన్ కలిపిన చల్లటి ద్రావణం పంపి చూస్తున్నారు.

ఇంకో మాట. డోనర్ కార్డు ఉన్నా, ఆ సమయానికి కుటుంబం సంతకం పెడితేనే డాక్టర్లు ముందుకెళ్తారు. కాబట్టి కార్డు తీసుకున్నవాళ్లు ఆ సంగతి ఇంట్లో చెప్పి ఉంచాలి.