ముసలి పెట్ట మెడ కింద గడ్డ

ఇంకా తెల్లారలేదు. ఉద్దానంలో, కవిటి మండలంలోని ఒక కొబ్బరితోటలో ఉన్నారు మీరు. చెట్లకు అవతల సముద్రం హోరు. పెరట్లో నానిన కొబ్బరి పీచు వాసన. ఇంటావిడ గంప ఎత్తి, లోపల ముడుచుకున్న పెట్టను రెండు చేతులా పట్టి మీ ఒళ్లో పెడుతుంది.

"మెడ కింద సూడు బావూ. రాత్రి మేత ఎయ్యనేదు. అయినా ఎలాగున్నాదో!"

మీ వేళ్లు మెడ మొదట్లోకి, రొమ్ముకు కాస్త కుడిపక్కకు వెళతాయి. మేతసంచి ఉండేది అక్కడే. సాయంత్రం గంప కిందికి చేరేటప్పుడు అది నిండుగా ఉండాలి. రాత్రంతా మేత కొంచెం కొంచెంగా కిందికి దిగి, ఈ వేళకి ఖాళీ అయిపోవాలి. ఇప్పుడు మీ వేళ్లకు తగులుతున్నది చల్లారి బిగిసిన చోడిముద్దలా ఉంది. నొక్కితే గుంట పడుతోంది, పడిన గుంట అలాగే నిలుస్తోంది.

ఈ పరీక్ష తెల్లారకముందే చేయాలి. పొద్దెక్కి, మేత తిన్నాక పట్టుకుంటే ఏ కోడి సంచయినా నిండుగానే ఉంటుంది, జబ్బు దాగిపోతుంది. ఇంత చిన్న సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు, అదే నా బాధ. పెట్ట తిండి మానదు మరి. నూకలు చల్లితే పరుగెత్తుకొస్తుంది, పొడుస్తుంది, మింగుతుంది. చూసేవాళ్లు బాగానే తింటోందనుకుంటారు. సంచి నిండుగా ఉండగానే అది ఆకలితో చిక్కిపోతుంది. వేళ్లు ఇంకాస్త కిందికి జరిపి చూడండి: రొమ్ము ఎముకకు అటూ ఇటూ కండ లేదు.

"తిత్లీ ఒచ్చిన మరుసటేడు పుట్టినాది ఇది," అంటుంది ఆవిడ. 2018 అక్టోబరు 11న తీరం దాటిన ఆ తుఫాను ఈ తోటల్లో కాపుకొచ్చిన చెట్లను కూకటివేళ్లతో పెకలించింది. ఆ తర్వాత నాటిన మొక్కల మధ్యే ఈ పెట్ట పెరిగింది, పొదిగింది, పిల్లల్ని లేపింది. ఇప్పుడు గుడ్లు దాదాపు మానేసింది. వయసు మీరిన పెట్టలో మేతసంచి కండరం పట్టు సడలుతుంది. ఒక్కోసారి అసలు అడ్డంకి సంచిలో ఉండనే ఉండదు. కడుపులో పెరిగిన గడ్డో, లోపల చిక్కుకున్న గుడ్డో పేగుల్ని నొక్కుతుంటే పైన మేత ఆగిపోతుంది. వయసు పైబడిన పెట్టల్లో అండాశయం గడ్డలు అరుదేమీ కాదు. అందుకే పొట్ట కింద కూడా తడమండి. మెత్తగా ఉంది. కొంత ధైర్యం.

రైతు సేవా కేంద్రం నుంచి పశుసంవర్ధక సహాయకుడు వస్తాడు. ముందు రెట్ట చూస్తాడు. పచ్చగా, పల్చగా, కాస్తంత.

"కొక్కెర తెగులేటి బావూ?" ఆవిడ గొంతు వణుకుతుంది.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. రాణిఖేత్ అని పుస్తకాల్లో రాసే ఆ తెగులు పెరళ్లకు పెరళ్లనే ఖాళీ చేస్తుంది. అందులోనూ రెట్ట పచ్చగానే ఉంటుంది. కానీ అది ఒక్క కోడితో ఆగదు. కోళ్లు నోరు తెరిచి ఊపిరి లాగుతాయి, మెడలు తిప్పేస్తాయి. ఇక్కడ మిగతావన్నీ చలాకీగా కెలుక్కుంటున్నాయి. తిండి ఒంటికి అందకపోయినా రెట్టకు పచ్చదనం వస్తుంది. అతను పెట్ట నోరు తెరిచి వాసన చూస్తాడు. పులిసిన కంపు ఉంటే, సంచి నీళ్లతో తొణుకుతుంటే, ఈస్టు పెరిగినట్టు. దాని మందు వేరు. ఇక్కడ ఆ కంపు లేదు.

"తలకిందులు సేసి పిండీసెయ్యండి, కక్కీస్తాది," కంచె అవతలి నుంచి ఎవరో అరుస్తారు.

"వద్దు మామ్మా, ఆ పని మాత్రం చెయ్యొద్దు!" అంటాడతను గట్టిగా. కోడికి ఊపిరి గొట్టం ద్వారం నాలుక వెనకే ఉంటుంది. పైకి తన్నుకొచ్చిన నీళ్లు అందులోకి పోతే చేతుల్లోనే ప్రాణం పోతుంది.

మేత ఆపేశారు. సూది తీసేసిన సిరంజితో ముందు కాస్త కొబ్బరినూనె, వెనకే గోరువెచ్చని నీళ్లు, ముక్కు పక్కనుంచి చుక్కలు చుక్కలుగా. పెట్ట మింగేదాకా ఆగి మరో చుక్క. తర్వాత ముద్దను వేళ్ల మధ్య మెల్లగా మర్దనా చేయాలి. మీ వంతు వస్తుంది. పెట్ట కళ్లు సగం మూసి ఊరుకుంటుంది. పొద్దు తిరిగేసరికి అంచులు కొంచెం మెత్తబడ్డాయి. నడిమి ముద్ద అలాగే గట్టిగా ఉంది.

మర్నాడు తెల్లారకముందు తడిమితే ముద్ద అక్కడే ఉంది. గంపకు గుడ్డ కట్టి ఆటో ఎక్కుతారు. పక్కన కూర్చున్నాయన, "గుడ్డెట్టని పెట్టకి ఇంత కరుసేటే? కూరొండీసుకోక!" అంటాడు. ఆవిడ గంపను ఒళ్లోకి లాక్కుంటుంది. "నా సేతుల్లో పెరిగినాది," అంటుంది. ఆ మాటకు నేను పూర్తిగా ఒప్పుకుంటాను.

మండల కేంద్రంలో పశువైద్యుడు సంచి మీది ఈకలు కొన్ని పీకి, తిమ్మిరి మందు చాలా కొద్దిగా ఇస్తాడు. పక్షులకు మోతాదు మించితే ప్రమాదం. ముందు చర్మం, తర్వాత రక్తనాళాలు తప్పించి సంచి గోడ కోస్తాడు. పట్టకారుతో లాగుతుంటే పోగు వెంట పోగు వస్తుంది, అంతా కొబ్బరి పీచే. తాడు పేనేచోట రాలిన పోగుల్ని పురుగులనుకుని మింగినట్టుంది. మధ్యలో వల దారం ముక్క, దాని చుట్టూ ఎండుగడ్డి. గోరువెచ్చని సెలైన్‌తో లోపల కడిగి, ముందు సంచి గోడను, తర్వాత చర్మాన్ని విడివిడిగా కుడతాడు. రెండూ కలిపి కుడితే సంచి చర్మానికి అతుక్కుపోతుంది.

"కొన్నాళ్లు పల్చటి అంబలి, కొంచెం కొంచెంగా. గింజలు ఇప్పుడే వద్దు. తర్వాత చిన్న గులకరాళ్లు పెరట్లో వెయ్యండమ్మా. కందనకాయలో రాళ్లుంటేనే మేత నలిగేది."

ఇంటికొచ్చాక మనవడు పెరడంతా ఊడుస్తున్నాడు. పీచు కట్టలు అరుగు మీదికెక్కాయి. గంప సందులోంచి మెడ చాచి పెట్ట మిగిలిన ఒక పోగును ముక్కున పట్టుకుంది. "లాగీసెయ్ రా, లాగీసెయ్!" అని ఆవిడ కేక. వాడు చీపురు పడేసి పరుగెత్తాడు.