పాత విద్యార్థుల బాకీ

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర రాసి పంపమని మన కార్యదర్శిగారు కోరినప్పుడు కొండపల్లి కోట గురించి రాద్దామనుకున్నాను. మా వీధి అరుగు మీద కూర్చుంటే కనిపించేది అదే కదా! అయితే రెండేళ్ళ క్రితం ఒక కుర్రవాడు మా ఇంటికి వచ్చి అడిగిన ప్రశ్న నన్ను వేరే చరిత్ర వైపు లాక్కుపోయింది. మిత్రులకు అదే ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

1967లో చదువుకోసం విజయవాడ వచ్చి ఒక ఉచిత హాస్టలులో చేరాను. అక్కడ వార్డెను పేరుకే ఉండేవారు. మెస్సు నడపడం, సరుకులు తేవడం, లెక్కలు రాయడం, పుస్తకాల బీరువా చూసుకోవడం అంతా విద్యార్థి సంఘం పనే. ఏటా ఎన్నికలు జరిగేవి. అరవై మందిమి ఒకే పంక్తిలో కూర్చుని తినేవాళ్ళం. కులం, ఊరు ఎవరూ అడిగేవారు కాదు. నాకు నలుగురిలో మాట్లాడడం వచ్చిందంటే అక్కడి శనివారం సభల వల్లనే.

మా ఇంటికి వచ్చిన కుర్రవాడు ఆ సంఘానికి ఇప్పటి కార్యదర్శి. "ఇప్పుడు పదకొండు మందిమే మిగిలామండి. కిరాణా కొట్టుకు బాకీ పడ్డాం. సంఘం ఎత్తేద్దామంటున్నారు. మీ రోజుల్లో ఎలా నడిచిందో చెబుతారా సార్?" అన్నాడు. డబ్బు అడగలేదు. ఎలా నడిచిందని అడిగాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు.

అమెరికాలో చదువుతున్న మా మనవడితో ఫోనులో ఈ సంగతి అంటే, అక్కడి కాలేజీల్లో ఫ్రెటర్నిటీలనే సోదర సంఘాలుంటాయనీ, ఎక్కడైనా శాఖ చితికిపోతే పాత సభ్యులు సలహాదారులుగా వచ్చి నిలబెడుతుంటారనీ చెప్పాడు. ఆ సంఘాలకు ఆద్యం ఫై బీటా కప్పా. 1776 డిసెంబరు 5న వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో అయిదుగురు విద్యార్థులు దాన్ని మొదలుపెట్టారు. అయిదేళ్ళు తిరగకుండానే స్వాతంత్ర్య యుద్ధం ఆ ఊరి మీదికి వచ్చింది, సంఘం మూతపడింది. కాని 1779లోనే ఇచ్చిన అనుమతి పత్రాలతో 1780లో యేల్‌లో, 1781లో హార్వర్డ్‌లో శాఖలు వెలిశాయి. అలా పద్ధతి బతికింది. తల్లి శాఖను తరువాతి శతాబ్దంలో మళ్ళీ తెరిచారు.

అంత దూరం పోనక్కరలేదు, మన బందరే ఉంది. 1843లో రాబర్ట్ నోబుల్ దొర స్థాపించిన బడి తరువాత నోబుల్ కళాశాల అయింది. అక్కడ పాఠాలు చెప్పిన రఘుపతి వెంకటరత్నం నాయుడుగారి శిష్యుల్లో ముగ్గురు స్నేహితులున్నారు. వారు కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గార్లు. చదువు అయిపోయాక కూడా వారి స్నేహం విడిపోలేదు. 1907లో బిపిన్ చంద్రపాల్ మన ప్రాంతంలో చేసిన ఉపన్యాసాల వేడి చల్లారకముందే జాతీయ విద్య కోసం పూనుకున్నారు. 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల వెలిసింది. కోపల్లెవారు వకీలుగా సంపాదించుకునే దారి వదులుకొని కళాశాలకే అంకితమయ్యారు. ముట్నూరివారు కృష్ణాపత్రిక చూసుకున్నారు. పట్టాభిగారు వైద్యం చేస్తూనే అన్నింటికీ అండగా నిలిచారు. మన జాతీయ పతాకానికి రూపమిచ్చిన పింగళి వెంకయ్యగారు సైతం అక్కడ పాఠాలు చెప్పినవారే.

కాని సర్కారు గుర్తింపు లేని చదువుకు ఉద్యోగం ఎవరిస్తారు? 1922లో కోపల్లెవారు కన్నుమూశారు. ప్రాణం పెట్టి నడిపిన మనిషి పోయాక సంస్థ నడవడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. ఆ రోజుల్లోనే ప్రమోదకుమార చటర్జీగారు అక్కడ చిత్రకళ నేర్పారు. ఆయన దగ్గర నేర్చుకున్నవారిలో అడివి బాపిరాజుగారు ఒకరు. అంతకుముందు రాజమండ్రిలో కూల్డ్రే దొర ప్రోత్సాహం పొందినవారు. 1930లలో బాపిరాజుగారే ఆ జాతీయ కళాశాలకు ప్రిన్సిపాలుగా తిరిగి వచ్చారు. తాను చదువుకున్న గడపకు తానే కాపు కావడమంటే ఇదే.

ఈ కథలన్నీ చదివి ఉత్సాహంతో పాత విద్యార్థులం తొమ్మిదిమందిమి హాస్టలుకు వెళ్ళాం. అక్కడ నేను చేసిన పొరపాటు దాచకుండా చెబుతాను. జమాఖర్చుల పుస్తకం తీసి చూస్తే తప్పులతడక. "నువ్వు చదువుకో బాబూ, ఇది నేను చూస్తాను" అని ఇంటికి పట్టుకొచ్చాను. కొట్టు బాకీ మేమే కట్టేశాం. లెక్కలు ముత్యాల్లా రాశాను. నెల తిరిగేసరికి ఆ కుర్రవాడు రావడం మానేశాడు. ఫోను చేస్తే, "అంతా మీరే చూసుకుంటున్నారుగా సార్" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ వారమే మునిమనవడికి ఏనుగు అంబారీ కొనడానికి మా ఊరి బొమ్మల వీధికి వెళ్ళాను. ఒక పెద్దాయన పక్కన పదహారేళ్ళ పిల్లవాడు తెల్లపొణికి కర్ర చెక్కుతున్నాడు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో తొండం అతికించబోయి వంకరగా పెట్టాడు. పెద్దాయన చూశారు గాని ఉలి లాక్కోలేదు. "ఆరకముందు మళ్ళీ చూడు" అన్నారంతే. పిల్లవాడు తానే సరిచేసుకున్నాడు.

మన థర్మల్ కేంద్రం తొలి రోజులు గుర్తుకొచ్చాయి. 1979లో మొదటి యూనిట్ మొదలైనప్పుడు కొత్తగూడెంలో పనిచేసి వచ్చిన సీనియర్లు మన వెనక నిలబడేవారు. మీటలు మాత్రం మన చేతే నొక్కించేవారు. గుర్తుందా మిత్రులారా? నలభై ఏళ్ళ కిందట నాకు దక్కిన ఆ గౌరవాన్ని నేను ఆ కుర్రవాడికి ఇవ్వలేదు.

మర్నాడే పుస్తకం తీసుకెళ్ళి అతని చేతికిచ్చి, తప్పు నాదేనని చెప్పాను. మేం కట్టిన బాకీని అప్పుగా రాసుకోమని వాళ్ళే పట్టుబట్టారు. నెలకింతని తీరుస్తున్నారు. ఇప్పుడు ఆదివారానికి ఒకరం వెళ్తాం. పంక్తిలో కూర్చుని భోంచేస్తాం, అడిగితేనే చెబుతాం. బ్యాంకులో రిటైరైన మిత్రుడు లెక్కలు రాయడం నేర్పాడు. టీచరుగారు శనివారం సభలు మళ్ళీ మొదలుపెట్టించారు. నాకు వచ్చింది మోటారు బాగుచేయడం. నీళ్ళ మోటారు ఒక కుర్రవాడి చేతే విప్పించి బిగించాను. ఈ ఏడు ఇరవై ఆరుగురు చేరారు. పైకప్పు ఇంకా కారుతూనే ఉంది. వచ్చే ఏడు ఎన్నికలో ఎవరు నిలబడతారో తెలియదు. ఆ దిగులు వాళ్ళకే ఉంది, ఉండనిద్దాం.

మనలో చాలామంది ఏదో ఒక హాస్టలు అన్నం తిని పైకి వచ్చినవాళ్ళమే. పెన్షన్ ఒకటో తారీఖుకి వస్తుంది. ఆదివారాలు నాలుగూ మనవే. అందులో ఒకటి మీరు చదువుకున్న చోటికి ఇవ్వండి. లెక్కల పుస్తకం మాత్రం ఇంటికి తెచ్చుకోకండి.