పట్టు: చేతి నుంచి మనసు దాకా

తెలుగు కవిత్వంలో ‘పట్టు’ అన్న క్రియ చేసినంత చాకిరీ మరొకటి చేయలేదని నా నమ్మకం. దాని మొదటి అర్థం చేతిది: అందుకుని వదలకపోవడం. మిగతావన్నీ అందులోంచి మొలిచినవే.

13వ శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన తన భారత రచనను విరాటపర్వంతో మొదలుపెట్టాడు. ఆ కథ చూడండి. కీచకుడు సైరంధ్రి చెయ్యి పడతాడు. కౌరవులు విరాటుడి పసులను పడతారు; గోగ్రహణమంటే అదే. చివరికి అభిమన్యుడు ఉత్తర చెయ్యి పడతాడు. బలాత్కారం, దోపిడి, పెళ్లి. మూడింటికీ తెలుగులో ఈ ఒక్క క్రియ చాలు. పట్టినవాడి బుద్ధి ఏమిటి, అవతలివాళ్ల ఇష్టం ఏమిటి అన్నదే అర్థాన్ని తేలుస్తుంది. ఉద్యోగపర్వంలో ద్రౌపది కృష్ణుడికి జుట్టు చూపించే ఘట్టానికి అంత బలం ఇందుకే. దుశ్శాసనుడు పట్టి ఈడ్చిన జుట్టు అది.

15వ శతాబ్దపు పోతన గజేంద్రమోక్షణంలో పట్టు పంతమవుతుంది. మొసలి వదలదు. ఏనుగుకు తన బలం మీద నమ్మకం సడలాకే హరి గుర్తొస్తాడు.

అసలు మలుపు పట్టేవాడు మనిషి కానప్పుడు వస్తుంది. నిద్ర పట్టదు, బెంగ పట్టుకుంటుంది, పిచ్చి పడుతుంది. ఇక్కడ మనిషి చిక్కినవాడు. శృంగార పదాల్లోని విరహానికి, సినిమా పాటలోని దిగులుకు ఈ వాడుకే ఊపిరి. సూళ్లూరుపేట దగ్గరి మంగళంపాడులో 1921లో పుట్టిన ఆత్రేయ ఇలాంటి ఇంటిమాటలతోనే ‘మనసు కవి’ అనిపించుకున్నాడు.

మైపాడు ఒడ్డున వల లాగేవాళ్ల దగ్గర కాసేపు నిలబడితే ఈ చరిత్రంతా ఒక్కచోటే వినిపిస్తుంది. తాడు పట్టాలి, చేతులకు చెమట పడుతుంది, వలకు పాచి పట్టింది, కొక్కేనికి తుప్పు పట్టింది, పడవలో ఇంకొకరు పడతారు, ఒడ్డు చేరడానికి గంట పడుతుంది.

ఇక నిఘంటువుల సంగతి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. 1885 నాటి శబ్దరత్నాకరం ప్రయోగాలను ఎక్కువగా కావ్యాల నుంచి ఎత్తి చూపింది. కవుల మాట భద్రంగానే ఉంది. ఇప్పుడు కావలసింది ఒడ్డున ఉన్నవాళ్ల మాట. నెల్లూరు తీరపు తెలుగు అధ్యాపకులు, విద్యార్థులు ఆ మాటను సేకరించే పని చేతబట్టాలి.